స్ట్రైప్డ్ బాస్: కొనడం, శుభ్రం చేయడం, పులుసు పెట్టడం

న్యూజెర్సీ, మేరీల్యాండ్, వర్జీనియా వైపు ఉండే తెలుగువాళ్లలో చాలామంది చేపలంటే ఇండియన్ స్టోర్ ఫ్రీజర్ దగ్గరే ఆగిపోతారు. రోహు, వంజరం, కొర్రమీను, అన్నీ రాయిలా గడ్డకట్టినవే. అదే వీధిలో కొరియన్ కొట్లోనో, చైనీస్ కొట్లోనో ఐస్ మీద ఒంటినిండా నల్లచారలతో తాజా చేప ఉంటుంది. దాన్ని ఎలా వండాలో తెలియక చూసి వచ్చేస్తారు. అదే స్ట్రైప్డ్ బాస్. పండుగప్ప తిని పెరిగినవాళ్లకి దీని మాంసం కొత్తగా అనిపించదు. తెల్లగా, గట్టిగా ఉంటుంది, ఉడికాక పెద్ద పెద్ద పొరలుగా విడుతుంది. రోహులో లాగా మాంసం మధ్యలో సన్నముళ్లు ఉండవు కాబట్టి పిల్లలకి పెట్టడానికీ టెన్షన్ తక్కువ. తల దగ్గర వరసగా ఉండే కొన్ని ముళ్లు తీసేస్తే చాలు.

ఇది మన పులుసుకి బాగా నప్పే చేప. కాకపోతే బొచ్చె ముక్కల్ని మరిగించినట్టు దీన్ని అరగంట మరిగిస్తే పీచు పీచు అయిపోతుంది. పులుసు మొత్తం ముందే అయిపోవాలి, చేప చివర్లో పడాలి. వంట దగ్గరికి వచ్చాక ఈ మాట మళ్లీ చెప్తాను.

కొనేముందు: ఏ బాస్?

కొట్లో 'బాస్' అనే పేరుతో అరడజను చేపలుంటాయి. చిలియన్ సీ బాస్ అసలు ఈ జాతే కాదు, దక్షిణ సముద్రాల్లో దొరికే నూనె చేప, ధర కూడా మండిపోతుంది. బ్రాంజినో యూరప్ చేప, ఎక్కువగా మధ్యధరా ప్రాంతపు పెంపకం. బ్లాక్ సీ బాస్ ఒంటి మీద చారలుండవు. బారముండి అని రాసి ఉంటే అది మన పండుగప్పే, కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. మేరీల్యాండ్, వర్జీనియాల్లో స్ట్రైప్డ్ బాస్‌నే రాక్‌ఫిష్ అంటారు, మేరీల్యాండ్ రాష్ట్ర చేప కూడా ఇదే. అయితే కాలిఫోర్నియా వైపు నుంచి వచ్చే రాక్‌ఫిష్ వేరే జాతి. కాబట్టి పేరు కంటే చారల్నే నమ్ముకోండి.

చారల్లోనూ రెండు రకాలున్నాయి, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మొప్ప దగ్గర మొదలై తోకదాకా ఏడెనిమిది నల్లగీతలు తెగకుండా స్కేలు పెట్టి గీసినట్టు ఉంటే అది సముద్రంలో, నదీముఖాల్లో పెరిగిన అసలు స్ట్రైప్డ్ బాస్. గీతలు మధ్యమధ్యలో తెగిపోయి, పక్కకి జరిగినట్టు ఉండి, చేప కాస్త పొట్టిగా, వెడల్పుగా ఉంటే అది హైబ్రిడ్. వైట్ బాస్ అనే మంచినీటి చేపతో అసలు స్ట్రైప్డ్ బాస్‌ని కలిపి 1960ల్లో సౌత్ కరోలినాలో మొదలుపెట్టిన రకం. ఇప్పుడు చెరువుల్లో, ట్యాంకుల్లో పెంచి అమ్ముతున్నారు. కొట్లో నీళ్లతొట్టెలో ప్రాణంతో ఈదుతూ కనిపించేది, ఒకటిన్నర రెండు పౌండ్లు తూగేది దాదాపుగా ఇదే. బోర్డు మీద మాత్రం ఊరికే 'స్ట్రైప్డ్ బాస్' అని రాసేస్తారు.

రెండూ తినదగ్గవే, కాకపోతే పనులు వేరు. ఇంట్లో ఇద్దరు ముగ్గురుండి, చేప మొత్తాన్ని వేయించుకోవాలన్నా ఆవిరి మీద ఉడికించాలన్నా హైబ్రిడ్ తెచ్చుకోండి. పులుసుకి, తలకాయ కూరకి సముద్రపు చేపే తీసుకోవాలి. మందమైన ముక్క పులుసులో నిలబడుతుంది, ఎముక పెద్దది కాబట్టి రసానికి రుచి దిగుతుంది. చెరువు చేపలో అప్పుడప్పుడు బురద వాసన ఉంటుంది, నీళ్లలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం వల్ల వస్తుందది. పులుపు తగిలితే విరిగిపోతుంది. అందుకే హైబ్రిడ్‌ని ఏం చేసినా నిమ్మరసమో చింతపండో లేకుండా చేయకండి.

సముద్రపు స్ట్రైప్డ్ బాస్ అన్ని రాష్ట్రాల్లో ఒకేలా దొరకదు. న్యూజెర్సీ నీళ్లలో పట్టిన స్ట్రైప్డ్ బాస్‌ని అమ్మడం చట్టప్రకారం నేరం, అక్కడ అది గాలం వేసేవాళ్ల చేప. న్యూయార్క్, మసాచుసెట్స్, మేరీల్యాండ్, వర్జీనియాల్లో లైసెన్సున్న జాలర్లు కోటా ప్రకారం పట్టి అమ్ముతారు. అలా అమ్మే ప్రతి చేపకీ నంబరున్న ప్లాస్టిక్ ట్యాగ్ కట్టి ఉంటుంది. నిండు చేప కొంటున్నప్పుడు ట్యాగ్ ఏదని అడగండి. ఎవరో అపార్ట్‌మెంట్ గ్రూపులో 'నిన్న పట్టినవి, పౌండు ఇంత' అని మెసేజ్ పెడితే మాత్రం ఆ జోలికి పోవద్దు.

ఈ కట్టుబాట్లకి కారణం ఉంది. 1970ల్లో విచ్చలవిడిగా పట్టేసి, 80ల మొదట్లోకి వచ్చేసరికి ఈ చేప దాదాపు కనుమరుగయ్యే దశకి వచ్చింది. 1984లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా దీనికోసమే చట్టం చేసింది. 1985లో మేరీల్యాండ్ పూర్తిగా వేట ఆపేసింది. తూర్పు తీరంలోని స్ట్రైప్డ్ బాస్‌లో ఎక్కువ భాగం పుట్టేది మేరీల్యాండ్, వర్జీనియాల్లోకి చొచ్చుకొచ్చిన చెసపీక్ బే అనే అఖాతపు నదుల్లోనే. అందుకే అక్కడ ఆపడం పనిచేసింది, 1995కల్లా చేపలు మళ్లీ నిండాయి. 2019 లెక్కల్లో మళ్లీ తగ్గిపోయాయని తేలింది, ఆ తర్వాత కొన్నేళ్లు పిల్లచేపలు కూడా సరిగ్గా రాలేదు. నన్నడిగితే, పండగకో చుట్టాలొచ్చినప్పుడో సముద్రపు చేప కొనుక్కుని, మామూలు ఆదివారాలకి హైబ్రిడ్‌తో సరిపెట్టుకోవడం సబబు. జేబుకీ అదే మంచిది.

కౌంటర్ దగ్గర చూడాల్సినవి

మన చేపల మార్కెట్‌లో అమ్మ చూసినవే ఇక్కడా చూడాలి. కన్ను ఉబ్బి నిగనిగలాడాలి. లోపలికి పోయి, పాలు పోసినట్టు తెల్లబడితే వద్దు. మొప్ప ఎత్తి చూపించమని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఎర్రగా ఉండాలి, ఇటుక రంగుకో గోధుమ రంగుకో తిరిగి ఉండకూడదు. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. ఒంటి మీద జిగురు ఉండటం తప్పు కాదు, అది పలచగా నీళ్లలా ఉండాలి. సముద్రం వాసన రావచ్చు, అమ్మోనియా ఘాటు రాకూడదు.

ఈ చేప విషయంలో ఇంకోటి కూడా చూడాలి. చెసపీక్ చేపలకి మైకోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల వల్ల చర్మం మీద ఎర్రటి పుండ్లు పడుతుంటాయి. అలాంటి చేప కొనకండి, మీ గాలానికి పడినా వండకండి. చేతికి గాయమున్నప్పుడు గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, ఆ సూక్ష్మజీవి మనిషి చర్మానికీ పాకుతుంది.

తొట్టెలోని చేపల్లో ఒక పక్కకి ఒరిగి పైకి తేలుతున్నదాన్ని కాకుండా, అడుగున చురుగ్గా తిరుగుతున్నదాన్ని చూపించండి.

ఎంత కొనాలి? నిండు చేపని ఎముకలు తీసి ఫిల్లెట్లు చేయిస్తే బరువులో సగం కూడా మిగలదు. అడ్డంగా ముక్కలు కొట్టించి తల కూడా తెచ్చుకుంటే పారేసేది కొంచెమే. నలుగురికి పులుసంటే మూడు పౌండ్ల చేప సరిపోతుంది. చాలా కొట్లలో చేపని ఎలా కోయాలో నంబర్లతో బొమ్మలు పెట్టి ఉంటారు. అది లేకపోతే 'స్కేల్, గట్, గిల్స్ అవుట్, వన్ ఇంచ్ స్టీక్స్, కీప్ ద హెడ్, స్ప్లిట్ ఇట్' అనండి. అంగుళం మందం అని గట్టిగా చెప్పకపోతే అర అంగుళం కొట్టేస్తారు, అవి పులుసులో చితికిపోతాయి. తల చెత్తబుట్టలోకి పోకుండా ఒక కన్నేసి ఉంచండి!

మీరే పట్టుకుంటే

ఏప్రిల్, మే నెలల్లో గుడ్లు పెట్టి ఉత్తరానికి వెళ్లేటప్పుడు, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి దిగేటప్పుడు న్యూజెర్సీ తీరమంతా గాలాలే. రారిటన్ బే వసంతంలో బాగా పేరున్న చోటు. వీకెండ్‌లో పార్టీ బోటు (డబ్బు కట్టి నలుగురితో కలిసి చేపలు పట్టడానికి వెళ్లే పడవ) ఎక్కితే గాలం వాళ్లే ఇస్తారు, చేప పడితే దాన్ని డెక్ మీదికి ఎలా ఎత్తాలో నేర్పిస్తారు.

రూల్స్ కచ్చితం. 2023 నుంచి సముద్ర తీరంలో 28 నుంచి 31 అంగుళాల మధ్య ఉన్న చేపని మాత్రమే ఉంచుకోవచ్చు, అదీ మనిషికి రోజుకి ఒక్కటే. అంతకంటే చిన్నదీ పెద్దదీ నీళ్లలోకే. పెద్దవి ఎక్కువగా గుడ్లు పెట్టే ఆడవి, వాటిని వదిలేయమనడంలో అర్థం ఉంది. చెసపీక్ బేలో 2024 నుంచి 19 నుంచి 24 అంగుళాలు. తీరానికి 3 మైళ్లు దాటి బయట సముద్రంలో పట్టడం 1990 నుంచి పూర్తిగా నిషేధం. ఎరతో పడితే సర్కిల్ హుక్ తప్పనిసరి. అది పేగుల్లో కాకుండా పెదవి మూలలో పట్టుకుంటుంది, కాబట్టి వదిలేసిన చేప బతుకుతుంది. ఈ కొలతలు మారుతూ ఉంటాయి. వెళ్లే ముందురోజు ఆ రాష్ట్రం ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ పేజీ ఒకసారి చూడండి.

28 అంగుళాల చేప అంటే ఎనిమిది పౌండ్ల పైమాటే. పట్టిన వెంటనే మొప్పల దగ్గర కోసి రక్తం కార్చేసి, ఐస్ నిండిన కూలర్‌లో పెట్టండి. రక్తం కార్చని చేపకీ కార్చిన చేపకీ తేడా వాసనలోనే తెలుస్తుంది.

ఎవరు ఎంత తినొచ్చు

ఇక్కడ కాస్త జాగ్రత్త కావాలి. ఇది చిన్నచేపల్ని తినే పెద్దచేప కాబట్టి పాదరసం కొంత చేరుతుంది. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, పిల్లలకి సముద్రపు స్ట్రైప్డ్ బాస్‌ని వారానికి ఒక్కసారికి మించొద్దని, ఆ వారం ఇంకో చేప వద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతుంది.

న్యూయార్క్‌లోని హడ్సన్ నది సంగతి వేరు. ఆ నది పైభాగంలోని రెండు జనరల్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీలు 1947 నుంచి 1977 దాకా పీసీబీ అనే రసాయనాల్ని నీళ్లలోకి వదిలాయి. అవి నది అడుగున మట్టిలో చేరి, అక్కడి నుంచి చేపల కొవ్వులోకి ఎక్కాయి. 1976లో హడ్సన్‌లో ఈ చేపని అమ్మకానికి పట్టడం ఆపేశారు. న్యూయార్క్, న్యూజెర్సీ ఆరోగ్యశాఖలు ఇప్పటికీ ఏ నీళ్లలో పట్టిన చేపని ఎవరు ఎంత తినొచ్చో పట్టికలు ఇస్తున్నాయి. సొంతంగా పట్టినవాళ్లు వాటిని తప్పకుండా చూడాలి. ముఖ్యంగా ఆడవాళ్లకీ పిల్లలకీ ఆంక్షలు ఎక్కువ.

పీసీబీలు కొవ్వులో ఉంటాయి కాబట్టి పట్టిన చేపకి చర్మం, పొట్ట కింది కొవ్వు, పక్కల ఉండే ముదురెరుపు మాంసం తీసేసి వండితే చాలావరకు తగ్గుతాయి. పాదరసం అలా కాదు, మాంసమంతా ఉంటుంది, కోస్తే పోదు. తక్కువసార్లు తినడమే మార్గం.

శుభ్రం చేయడం

కొట్లోనే చేయించుకుంటే ఇందులో సగం పని తప్పుతుంది. కానీ వాళ్లు హడావిడిగా చేస్తారు. ఇంటికొచ్చాక 4, 5, 6 అంచెలు మీరు చేయాల్సిందే.

1. ముందు కత్తెర తీసుకోండి, కత్తి కాదు. వీపు మీద మొదటి రెక్కలో తొమ్మిది దాకా సూదుల్లాంటి ముళ్లు ఉంటాయి, కింది రెక్కలో ఇంకో మూడు. గుచ్చుకుంటే రెండు రోజులు సలుపుతుంది. వాటిని కిచెన్ కత్తెరతో మొదలంటా కత్తిరించేయండి. మొప్ప మూత అంచు కూడా బ్లేడులా ఉంటుంది, అక్కడ పట్టుకుని ఎత్తొద్దు.

2. పొలుసులు పెద్దవి, గట్టివి. అపార్ట్‌మెంట్ కిచెన్‌లో గీకితే సీలింగ్ దాకా ఎగురుతాయి. సింకులో నీళ్లు నింపి, నీళ్ల అడుగునే తోక నుంచి తలవైపు స్టీలు చెంచా అంచుతో గీకండి. ఒక్కటీ బయటికి రాదు. పొట్ట కింద, రెక్కల మొదట్లో వేలితో తడిమి చూడండి, అక్కడే మిగిలిపోతాయి.

3. తోకవైపు ఉన్న రంధ్రం నుంచి గడ్డం దాకా పైపైన కోయండి. కత్తి లోతుగా దిగితే లోపల ఆకుపచ్చగా ఉండే పిత్తం సంచి పగులుతుంది, ఇక ఆ ముక్క చేదే. ఒకవేళ పగిలితే వెంటనే నీళ్లతో కడిగి, రంగు అంటినమేర కోసి పారేయండి. పేగులు చేత్తో ఒక్కసారిగా లాగేసి, మొప్పల్ని రెండువైపులా కత్తెరతో కత్తిరించి తీయండి. వసంతంలో పట్టిన ఆడచేపలో జన ఉంటే పక్కన పెట్టుకోండి, ఉప్పు, కారం, పసుపు పట్టించి సన్నసెగ మీద వేయించుకోవచ్చు. హడ్సన్ ప్రాంతపు చేపైతే జన వద్దు, అందులోనూ కొవ్వు ఉంటుంది.

4. పొట్ట లోపల వెన్నెముక వెంబడి ముదురెరుపు గీత ఒకటి కనిపిస్తుంది. దానిమీద సన్నటి పొర ఉంటుంది. ఆ పొరని కత్తి మొనతో చీల్చి, బొటనవేలి గోరుతోనో పాత టూత్‌బ్రష్‌తోనో గీకి, ధారగా నీళ్లు పోయండి. అది గడ్డకట్టిన రక్తం, మూత్రపిండం. 'ఎన్నిసార్లు కడిగినా నీచు పోలేదు' అన్న కూరలో నూటికి తొంభైసార్లు దోషం ఈ గీతదే. కొట్టువాళ్లు దీన్ని దాదాపు ఎప్పుడూ వదిలేస్తారు. ముక్కలు కొట్టించుకుని తెచ్చుకుంటే ఒక్కో ముక్కలోనూ ఎముక కింద నల్లటి చుక్కలా ఉంటుంది, చెంచా కొసతో తీసేయండి.

5. ఇప్పుడు ఎర్ర మాంసం. ముక్కని బల్ల మీద పడుకోబెట్టి చూస్తే రెండు పక్కలా చర్మానికి ఆనుకుని, సరిగ్గా మధ్యలో, చాక్లెట్ రంగు త్రికోణం ఒకటి కనిపిస్తుంది. ఘాటంతా అందులోనే. చిన్న చేపకి దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఐదు పౌండ్లు దాటినదానికి కత్తిమొనతో తవ్వి తీసేయండి. చర్మం ఒలిచిన ఫిల్లెట్ అయితే నిడివిగా రెండు ఏటవాలు గాట్లు పెడితే పట్టీలా ఊడి వస్తుంది.

6. చివరిగా ఒక చెంచా రాళ్ల ఉప్పు, అర చెంచా పసుపు, రెండు చెంచాల బియ్యప్పిండి చల్లి ముక్కల్ని మెల్లగా రుద్ది, రెండు నీళ్లలో కడిగేయండి. జిగురంతా పిండికి అంటుకుని పోతుంది. నిమ్మరసమైనా మజ్జిగైనా ఐదు నిమిషాలే. నీచు వాసన తెచ్చే పదార్థాన్ని పులుపు కట్టిపడేస్తుంది, నిజమే. కానీ అరగంట నానబెడితే ముక్క పైభాగం తెల్లగా సున్నంలా మారి, వండాక పొడిపొడిగా రాలుతుంది. కడిగాక జల్లెడలో వేసి, పేపర్ టవల్‌తో అద్దండి. నీళ్లలో నానుతూ వదిలేసిన చేప రుచి నీళ్లపాలే.

పులుసు

రెండు పౌండ్ల ముక్కలు, తల రెండు చెక్కలు. వీటికి కావాల్సినవి:

పెద్ద నిమ్మకాయంత చింతపండు, రెండు పెద్ద ఉల్లిపాయలు, ఆరు పచ్చిమిరపకాయలు, ఒక పెద్ద చెంచా అల్లంవెల్లుల్లి ముద్ద, రెండు పెద్ద చెంచాల కారం, ఒక పెద్ద చెంచా ధనియాలపొడి, అర చిన్న చెంచా పసుపు, పావు చిన్న చెంచా మెంతులు, రెండు రెబ్బల కరివేపాకు, అయిదు పెద్ద చెంచాల నువ్వులనూనె లేదా వేరుశనగనూనె, ఉప్పు. దించేముందు వేయడానికి మెంతులు, జీలకర్ర వేయించి కొట్టిన పొడి అర చిన్న చెంచా.

వెడల్పాటి, అడుగు మందంగా ఉన్న గిన్నె కావాలి. ముక్కలు ఒక్క వరసలో పరుచుకునేంత వెడల్పు ఉండాలి, ఒకదానిమీద ఒకటి పడకూడదు. మట్టిదాక ఉంటే బ్రహ్మాండం. కానీ ఎలక్ట్రిక్ కాయిల్ పొయ్యి మీద దాన్ని పెట్టొద్దు, పగులుతుంది.

ముక్కలకి కొంచెం ఉప్పు, పసుపు, అర చెంచా కారం పట్టించి పక్కన పెట్టండి. ఉల్లిపాయల్ని మిక్సీలో కచ్చాపచ్చాగా తిప్పండి, మెత్తటి ముద్ద చేస్తే పులుసు జిగురుగా వస్తుంది. నూనె కాగాక మెంతులు వేసి, అవి ఎర్రబడగానే చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు, వెనకే ఉల్లి ముద్ద వేయండి. ఇక్కడ తొందరపడకూడదు. మధ్యసెగ మీద పన్నెండు, పదిహేను నిమిషాలు వేగి, ముద్ద గోధుమరంగుకి తిరిగి, గిన్నె అంచుల్లో నూనె కనిపించాలి. అప్పుడు అల్లంవెల్లుల్లి. దాని పచ్చివాసన పోయాక సెగ తగ్గించి పసుపు, కారం, ధనియాలపొడి వేసి అరనిమిషం తిప్పి, మాడకముందే చింతపండు రసం పోసేయండి. నీళ్లతో కలిపి మొత్తం మూడు కప్పులు ఉండాలి.

ఇప్పుడు పులుసుని చేప లేకుండా మరిగించాలి. మూత ఓరగా పెట్టి పావుగంట. గరిటెతో కొంచెం తీసి అరచేతిలో వేసుకుని నాకి చూడండి. చింతపండు పచ్చిగా నాలుక మీద పొడవకూడదు, కారం ఉప్పు పులుపు మూడూ కాస్త ఎక్కువైనట్టే ఉండాలి, చేప పడ్డాక సర్దుకుంటాయి. పైన నూనె ఎర్రగా తేలుతుంది, గరిటె వెనక పులుసు పల్చగా అంటుకుని నిలుస్తుంది. ఈ స్థితి రానిదే ముక్క వేయొద్దు. మనవాళ్ల వంటల్లో చేప, చింతపండు కలిపి ఒకేసారి మరిగిస్తారు, బొచ్చెకి, కొర్రమీనుకి అది సరే. స్ట్రైప్డ్ బాస్‌లో కొవ్వు తక్కువ, అంతసేపు ఓర్చుకోలేదు.

ముందు తల చెక్కలు వేసి నాలుగు నిమిషాలు. తర్వాత ముక్కల్ని ఒక్కొక్కటిగా పరచండి. సెగ మధ్యకంటే తక్కువ, పులుసు కుతకుతలాడాలే గానీ తెర్లకూడదు. అంగుళం ముక్కకి ఎనిమిది నిమిషాలు చాలు. గరిటె పెట్టొద్దు. మధ్యలో రెండుసార్లు గిన్నెని రెండువైపులా గుడ్డతో పట్టుకుని మెల్లగా గుండ్రంగా కుదపండి. ఉడికిందో లేదో తెలియాలంటే ఎముక పక్కన ఫోర్కు మొన గుచ్చి కాస్త తిప్పండి. గాజులా కనిపించిన మాంసం పాలతెలుపుకి మారి, పొర విడిపోతే అయిపోయినట్టు. థర్మామీటరు ఉంటే 145 డిగ్రీల ఫారెన్‌హీట్.

మెంతిజీలకర్ర పొడి చల్లి, కొత్తిమీర వేసి దించేయండి. వెంటనే వడ్డిస్తే పులుసు వేరు, ముక్క వేరు అనిపిస్తుంది. రెండు గంటలైనా ఊరనివ్వండి. పొద్దున వండితే రాత్రికి, రాత్రి వండితే మర్నాటికి అసలు రుచి. రెండు గంటలు దాటి ఉంచేట్టయితే ఫ్రిజ్‌లో పెట్టండి. వేడి చేసేటప్పుడు మైక్రోవేవ్ వద్దు, అందులో ముక్క టప్‌మని పేలుతుంది, ఆఫీసులో అయితే పక్కవాళ్లతో మాట కూడా పడాలి. పొయ్యిమీద సన్నసెగన, ఆవిరి రాగానే ఆపేయండి.

పచ్చి మామిడికాయ దొరికితే చింతపండు సగానికి తగ్గించి, నాలుగు మామిడి చెక్కలు తలతోపాటు వేసుకోవచ్చు. బెండకాయ, వంకాయ వేసేవాళ్లు వాటిని విడిగా నూనెలో వేయించి వేయండి. టమాటా నాకు ఈ పులుసులో నచ్చదు, మీ ఇష్టం.

వేపుడు

ఫిల్లెట్ అయితే చర్మంతోనే ఉంచుకోండి (సొంతంగా పట్టింది కాకపోతే). కారం, ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి, కొంచెం ధనియాలపొడి, నిమ్మరసం నాలుగు చుక్కలు, అంటుకోడానికి ఒక చెంచా బియ్యప్పిండి. పావుగంట చాలు. ఇనప పెనం బాగా కాలాక నూనె వేసి, చర్మం కిందికి వచ్చేట్టు పెట్టి, మొదటి అరనిమిషం అట్లకాడతో అదిమి పట్టుకోండి, లేకపోతే చర్మం ముడుచుకుని ముక్క వంకర తిరుగుతుంది. నాలుగైదు నిమిషాలు కదపొద్దు. అంచులు కరకరలాడి దానంతటదే పెనాన్ని వదిలితే తిప్పండి, రెండోవైపు రెండు నిమిషాలే. ఒక వాయికి రెండు ముక్కల కంటే ఎక్కువ పెట్టకండి. స్మోక్ అలారం సంగతి గుర్తుంచుకుని ముందే కిటికీ తీసి, ఎగ్జాస్ట్ వేసుకోండి.

నిండు చేప

రెండు పౌండ్ల హైబ్రిడ్‌కి రెండువైపులా ఎముక తగిలేదాకా ఏటవాలుగా మూడేసి గాట్లు పెట్టి, పచ్చిమిర్చి, కొత్తిమీర, వెల్లుల్లి, జీలకర్ర, నిమ్మరసం, ఉప్పు నూరిన పచ్చికారం గాట్లలోకీ పొట్టలోకీ కూరండి. అరటాకు ఫ్రోజన్ సెక్షన్‌లో దొరుకుతుంది, సెగ మీద వెచ్చబెట్టి చేపని చుట్టి, ఓవెన్‌లో 400 డిగ్రీల దగ్గర పాతిక నిమిషాలు. ఆవిరి మీదైతే పదిహేను. పచ్చిగా, సుషీ లాగా తినాలన్న సరదా మాత్రం ఈ చేపతో వద్దు, సముద్రపు చేపలో పురుగులుండొచ్చు.

మిగిలింది దాచుకోవడం

పచ్చి ముక్కల్ని ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచకండి, అదీ కింద జల్లెడ, పైన ఐస్ పెట్టి, కరిగిన నీళ్లలో చేప మునగకుండా. ఫ్రీజర్‌లో పెట్టాలంటే ఉప్పూ పసుపూ పట్టించకుండా, తడి తుడిచి, ఒక పూటకి సరిపడా ప్యాకెట్లు చేసి గాలి లేకుండా మూయండి. తారీకు రాయండి. మూడు నెలల్లో వాడేస్తే రుచి పోదు. వాడే ముందు రాత్రి ఫ్రిజ్‌లోకి దించండి. వ్యాక్యూమ్ ప్యాక్ అయితే దించేటప్పుడే కవర్ కత్తిరించి తెరవాలి. గాలి ఆడని కవర్లో మెల్లగా కరిగే చేపలో బోట్యులిజం అనే ప్రాణాంతక విషాహార జబ్బు తెచ్చే బాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది, దానికి వాసనా ఉండదు.